బిగువుగా కోసిన సిలిండర్

ఇది ఎవరితోనైనా చెప్పకుండా ఇంక మోయలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మోయడం అంటే ఏదో పెద్ద మాటలా ఉంది. కొలిచి చూస్తే నా తప్పు తల వెంట్రుక మందం కూడా ఉండదు. నా విసుగంతా అదే. ఒక ఇనుప ముక్కలో రంధ్రాలు ఇరుకుగా కోశాను. ఆ సంగతి తెలిశాక నేరం ఇంకొకడి మీదికి తోశాను. అంతే. "అంతే" అని రాస్తుంటే మాత్రం చెయ్యి ఆగిపోతోంది.

డెబ్బైల చివర్లో మేం అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉండేవాళ్లం. నేనూ శామ్యూల్ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే టూల్ రూమ్‌లో పని. అతనిది ఒంగోలు వైపు, నాది ఏలూరు. నన్ను అన్నా అని పిలిచేవాడు. శనివారాలు ఇద్దరం వాల్ట్ అనే పెద్దాయన తుపాకుల షాపుకి వెళ్లేవాళ్లం. వెనక గదిలో మిషన్ల మీద పని నాది. ముందు కౌంటరూ, తూటాలు తెప్పించి భద్రపరచడమూ శామ్యూల్‌వి. వాల్ట్‌కి పిల్లలు లేరు. ఓపిక తగ్గాక షాపు శామ్యూల్‌కే అప్పగిస్తానని అందరి ముందూ అనేవాడు. బోర్డుకి ఏ రంగు వేయిస్తే బాగుంటుందని శామ్యూల్ అప్పటికే నన్ను అడుగుతుండేవాడు. నాకు అసూయ ఉందా? ఉందనుకోను. ఉంటే ఇది చెప్పడం సులువయ్యేది.

డెన్నిస్ అని ఒక కస్టమర్ ఉండేవాడు. పోటీల్లో గురి చూసి కాల్చేవాడు. తన రివాల్వర్‌కి ప్రత్యేకంగా కొత్త సిలిండర్ చేయించుకున్నాడు. సిలిండర్ అంటే తూటాలు కూర్చునే రంధ్రాలున్న గుండ్రటి భాగం. ఆ రంధ్రాలను చివరి కొలతకు తెచ్చే రీమర్‌ని వాల్ట్ నా చేతికిచ్చాడు. దాంతో కోసేస్తే గొడవే లేదు. కానీ తూటాకీ రంధ్రానికీ మధ్య అది వదిలే ఖాళీ చూస్తే నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగ్ కాలేజీలో మా వర్క్‌షాప్ మాస్టారు ఏదైనా వదులుగా చేస్తే చేతిలోంచి లాక్కుని తుక్కులో పడేసేవారు. ఆ భయం మనిషిని వదలదు కదా. వాల్ట్ ఇంట్లో స్వయంగా మందు నింపుకునే తూటాలు తీసుకుని కొలిచాను. వాటికి అతికినట్టు సరిపోయేలా నా రీమర్ నేనే సానబట్టుకున్నాను. కోశాక తూటా వదిలితే నూనె రాసినట్టు జారి కూర్చుంది. ఆ రోజు నన్ను పట్టడానికి పగ్గాలు లేవు.

పోటీకి డెన్నిస్ ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కెళ్లాడు. శామ్యూల్ అమ్మినవే. అక్కడ కొన్ని సగంలో ఇరుక్కున్నాయి. బొటనవేలితో అదిమాడట. సిలిండర్ తిరగలేదు. అందరి ముందూ చేతులు దించుకుని నిలబడ్డాడు. తర్వాతి శనివారం ఆ డబ్బా తెచ్చి కౌంటర్ మీద విసిరికొట్టి, రివాల్వర్ కూడా చూడమని అక్కడే వదిలి వెళ్లాడు.

నేను సన్నటి కొలతలు చూసే మైక్రోమీటర్ తీసి తూటాలు కొలిచాను. తూటాలు నిక్షేపంగా ఉన్నాయి. వాల్ట్‌వాటికంటే రవ్వంత లావు, ఉండాల్సిన హద్దులోనే. ఫ్యాక్టరీ సరుకు డబ్బాకీ డబ్బాకీ కాస్త తేడాగానే వస్తుంది. హద్దులో ఉన్న అతి లావు తూటా కూడా పట్టేలా రంధ్రం కోయాలి. వాల్ట్ రీమర్ వదిలే ఖాళీ అందుకే. మొదటి ఏడు కుర్రాడికి కూడా తెలిసిన విషయం. నా చేతిలో మైక్రోమీటర్ ఉంది, నోట్లో నిజం ఉంది. వాల్ట్‌కి చూపు మందగించింది, కొలతలకు నన్నే నమ్ముకునేవాడు. తప్పెక్కడ అని నన్నే అడిగాడు.

తూటాలదే అన్నాను. వెనక రేకుల షెడ్డులో పెట్టారు, అరిజోనా ఎండకి ఉబ్బిపోయాయి అన్నాను. తూటా తొడుగు ఇత్తడి, అది ఎండకి ఉబ్బి అలాగే ఉండిపోతుందట! ఇంజనీర్ చెప్పాడని అందరూ తలలూపారు. షెడ్డులో పెట్టింది శామ్యూల్.

కాసేపటికి శామ్యూల్ వెనక గదిలోకి వచ్చాడు. తలుపు దగ్గరకి వేశాడు.

"అన్నా, షాపులో ఉన్న గన్స్ అన్నిట్లో ట్రై చేశాను. ఈ బుల్లెట్లు అన్నిట్లోకీ ఈజీగా పోతన్నాయి. నీ సిలిండర్ ఒక్కసారి చెక్ చెయ్యవా?"

"అయితే ఆ గన్సే లూజు," అన్నాను.

"పోనీ మెజర్ చేసి నువ్వే వాల్ట్‌కి చెప్పన్నా. నేను చెబితే నమ్మడు."

"మెజర్ చేశాను," అన్నాను.

అది అబద్ధం కాదు. ఇన్నేళ్లూ నన్ను ఎక్కువగా తినేది ఆ మాటే. ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? ఎవడూ పీకేసేవాడు కాదు. వాల్ట్ నవ్వి, మళ్లీ కొయ్యి అనేవాడు. వదులు పని చేశానంటే ఒప్పుకునేవాణ్ణేమో గానీ, మరీ బిగువుగా చేసి చెడగొట్టానంటే ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. నా గొప్పతనం అనుకున్నదే నా తప్పని ఎలా చెప్పను?

అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు నా దగ్గరున్న తాళంతో తీసి, వాల్ట్ రీమర్‌తోనే ఆ రంధ్రాలు సరిచేశాను. పాత తూటాలు అప్పటికే వాల్ట్ బయట పారేయించాడు. కొత్త సరుకు వచ్చింది, టకటకా లోపల పడింది. వాల్ట్ శామ్యూల్ వైపు చూశాడు. శామ్యూల్ నా వైపు చూశాడు. తప్పు దిద్దడమే నేను చేసిన అసలు తప్పు. నా అబద్ధాన్ని నిజం చేసి పెట్టింది అదే.

ఆ తర్వాత వాల్ట్ షాపు అప్పగించే మాట ఎత్తలేదు. కౌంటర్‌లో మేనల్లుణ్ణి కూర్చోబెట్టాడు. శామ్యూల్ శనివారాలు రావడం మానేశాడు. ఎనభైల మొదట్లో నార్త్ కరోలినాలో ఉద్యోగం చూసుకుని, మోరిస్‌విల్ వైపు వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనం మీద నాకెంత కోపమో! కాలర్ పట్టుకుని నిలదీసి ఉంటే ఆ రోజే కక్కేసేవాణ్ణి. నిజంగా కక్కేవాణ్ణా? ఏమో. నా అబద్ధానికి అతని ఓర్పుని తిట్టుకుంటున్నాను, అది మాత్రం తెలుస్తోంది.

ఇప్పుడు ఎనభైలు అయిపోవస్తున్నాయి. వాల్ట్ పోయాడు. షాపు ఉన్నచోట ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు.

మీకు రాయడం మొదలుపెట్టాక, ముందు ఇంట్లో చెప్పాలనిపించింది. మా ఆవిడకి కూడా అప్పట్లో అదే కథ చెప్పాను, శామ్యూల్ అజాగ్రత్త మనిషని. ఈ మధ్యాహ్నం ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. తూటాలు మంచివే. సిలిండరే నేను ఇరుకుగా కోశాను. శామ్యూల్ ఏ తప్పూ చెయ్యలేదు.

ఆవిడ చేతిలోని కాయ గిన్నెలో పడేసింది.

"వాళ్లావిడ ఫోన్ చేసినప్పుడల్లా నేను ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేదాన్ని," అంది. "మీ మాట నమ్మి."

తర్వాత గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఇంకా బయటికి రాలేదు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, తేలిగ్గా ఉంది.