గడ్డిపోచ లేని సొరబుర్ర

కొబిలో అనే అవ్వ పాలక్యాను ఇప్పుడు కంచె గుంజకు బోర్లించి ఉంటుంది. ఆదివారం ప్రార్థనకు ఆ దారినే వెళ్తాను కనుక చూడకుండా ఉండలేను. కెరియో లోయ అంచున ఉన్న మా ఊళ్లో, వానైనా మంచైనా, పాలకేంద్రానికి అందరికంటే ముందు చేరే క్యాను ఒకప్పుడు అదే. భర్త పోయాక అవ్వకు మిగిలినవి రెండు ఆవులు, ఆ క్యాను, కేంద్రంలో మంచి పేరు. ఆ పేరు మీదే ఆమె ఇల్లు గడిచేది.

పక్కింటి తబర్నోకి మోకాళ్ల నొప్పులు. కొండదారి ఎక్కలేదు. అందుకని వాళ్ల పాలు కూడా అవ్వ తన క్యానులోనే పోసుకుని మోసేది. ఎవరూ అడగలేదు; ఊరందరికీ తెలిసినా, గొప్పగా చెప్పుకోలేదు. రోజూ తెల్లవారుజామున తబర్నో సొరబుర్ర వంచి పాలు పోసేది. అవ్వ ఆ ఖాళీ బుర్ర మూతిలో నాలుగు పచ్చగడ్డి పోచలు గుచ్చి తిరిగి ఇచ్చేది. మా దగ్గర గడ్డి ఆవుకు మేత, మనిషికి దీవెన. గడ్డి పెట్టి ఇచ్చారంటే మనసులో ఏ కోపమూ లేదన్నమాట.

"రోజూ గడ్డేనా అక్కా? ఇంకేం దొరకదా నీకు?" అనేది తబర్నో.

"దొరుకుతుందే, నీ నోట్లో కుక్కడానికి! పొద్దున్నే ఎన్ని మాటలు!"

వానలు మొదలైన రోజుల్లో తబర్నో ఎర్రావు ఈనింది. దూడ అడ్డం తిరిగితే అవ్వే మోచేతిదాకా చెయ్యి పెట్టి సరిచేసి లాగింది. పెయ్యదూడ. దాని ముక్కులోని జిగురు తుడిచి, ముర్రుపాలు కాసిని పిండి, వేళ్లతోనే నోటికి అందించింది. పాలు తేనెలా పచ్చగా, చిక్కగా ఉన్నాయి.

"ఇవన్నీ దూడవే. మిగిలితే పిల్లలకు కాచి పెట్టు. తెల్లపాలు దిగేదాకా కేంద్రానికి చుక్క పంపకు," అంది.

"ఆ మాత్రం తెలీదా? నేనేమన్నా నిన్న పుట్టానా?" అని నవ్వింది తబర్నో. "ఊళ్లో మాత్రం అనకక్కా. దూడ నిలదొక్కుకున్నాక నేనే చెబుతా."

"నేనెందుకంటానే!"

ఈనిన ఆవు సంగతి ఇంటివాళ్లు నోరు విప్పేదాకా పరాయివాళ్లు నలుగురిలో ఎత్తకూడదు. దూడకు దిష్టి తగులుతుంది. మా కొండమీద చిన్నపిల్లలకు కూడా తెలిసిన కట్టు అది.

మర్నాడు తబర్నో ఎప్పటిలాగే బుర్ర తెచ్చింది. "పాత ఆవువే అక్కా. ఎర్రావువి దూడకే వదిలేశా," అంది. ఇంకా వెలుగు రాలేదు. వచ్చినా అవ్వ తొంగి చూసేది కాదు. ఆ మనిషి మాట విన్నాక పాలు చూడాలని ఆమెకెందుకు తోస్తుంది?

ఆరోజు కేంద్రం పెద్ద డ్రమ్ము పట్నం ఫ్యాక్టరీ నుంచి వెనక్కి వచ్చింది. కాచగానే పాలు విరిగిపోయాయట. ఊరందరి పాలూ మట్టిలో పోశారు. మరుసటి ఉదయం కేంద్రం గుమాస్తా కిమాయో ప్రతి క్యాను నుంచీ గరిటెడు తీసి స్టవ్ మీద కాచాడు. కొబిలో అవ్వవి జున్నులా గడ్డకట్టాయి.

"అవ్వా, నీ ఆవు ఈనిందా?"

"లేదయ్యా. ఇంకా కడుపుతోనే ఉంది."

"మరి ఈ క్యానులో దేవదూతలు పిండిపోయారా?" అన్నారు వెనకనుంచి ఎవరో. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

మధ్యాహ్నం కేంద్రం రేకుల కింద అందరం కూర్చున్నాం. తబర్నో కూడా వచ్చింది, మోకాళ్లు పట్టుకుంటూ. మాకెవరికీ ఎర్రావు సంగతి తెలియదు. అవ్వ మాత్రం తబర్నో వైపే చూస్తూ కూర్చుంది. ఆ మాట తబర్నోయే చెప్పాలి. చెబుతుందనే అవ్వ అనుకుంది.

"తబర్నో, నీ పాలూ అందులోవే కదా. నీకేమన్నా తెలుసా?" అని కిమాయో అడిగాడు.

తబర్నో పైగుడ్డ ముడి విప్పి మళ్లీ వేసుకుంది. "నావి పాత ఆవు పాలు. నాకేం తెలుసు? అక్క పెద్దదైపోయింది. చూపు ఆనటం లేదేమో, ఎవరివో పోయించుకుని ఉంటుంది."

అవ్వ పెదవులు కదిలాయి. కట్టు తప్పలేక, లేచి గేటు వైపు నడిచింది. అవ్వ పేరు కొట్టేశారు. ఆమె పాలు ఇక తీసుకోరు. కిమాయో క్యానును తనే కడిగి, తుడిచి, గేటుదాకా మోసుకొచ్చి ఇచ్చాడు. కుర్రవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రభువు అతన్ని చల్లగా చూడాలి.

వారం తిరక్కముందే అవ్వ ఆవు ఈనింది. ఉడికించిన మొక్కజొన్నలు పట్టుకుని నేను చూడబోయిన సాయంత్రమే తబర్నో కుంటుకుంటూ కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో సొరబుర్ర.

"దూడ పారుకుంటోందక్కా. లేవడం లేదు. ముర్రుపాలు కాసిని పొయ్యవూ?"

"దాని తల్లి పాలేమయ్యాయి?"

తబర్నో నన్ను చూసి తల దించుకుంది. "రెండు పూటలే కదా, కలిసిపోతాయనుకున్నా."

నా చేతిలోని గిన్నె కింద పెట్టేశాను.

"ఈ మాట కిమాయోతో అంటావా?" అని అవ్వ మెల్లగా అడిగింది.

"ఊళ్లో తలెత్తుకోలేనక్కా. కొత్తకోడలు ఇంట్లో ఉంది."

అవ్వ కంచె దగ్గరికి వచ్చింది. బుర్ర తీసుకుని పాకలోకి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. "దూడేం చేసింది పాపం," అని తనలో తనే అనుకుంటూ, తన దూడ తాగాక ఉన్న పాలు పిండి, బుర్ర నిండా పోసింది. నురగ మూతిదాకా వచ్చింది.

"గట్టిగా పట్టుకో, ఒలుకుతుంది. నాకు చూపు ఆనదుగా," అంటూ కంచె మీదుగా అందించింది.

వానలకు కంచె వెంట గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. వంగక్కర్లేకుండానే చేతికి అందుతుంది. అవ్వ రెండు చేతులూ పైగుడ్డకు తుడుచుకుంది, అంతే.

తబర్నో గడ్డిపోచ గుచ్చని బుర్ర మూతిని చూసింది. గడ్డిని చూసింది. ఇంకా ఏదో ఇవ్వాల్సి ఉన్నట్టు అక్కడే నిలబడిపోయింది.

"వెళ్లు తబర్నో. పాలు చల్లారిపోతాయి," అని అవ్వ లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.