మడ్‌గార్డు మీద సుద్ద గీత

మేస్త్రీ నా జీపు ముందు చక్రం విప్పి, ఎవరి బండిదో ఒక పెద్ద టైరు తెచ్చి దాని చోట బిగించాడు. స్టీరింగ్ తిప్పమన్నాడు. కుడివైపు పూర్తిగా తిప్పేసరికి టైరు మడ్‌గార్డు అంచుకు ఒరుసుకుని కర్రుమంది. ఎడమవైపు తిప్పినా అంతే.

"ఇన్నరా సార్? నిలబడ్డ బండికే గిట్లుంటే, గుంతల దిగినప్పుడు ఏమైతది? టైరు చీరుకపోతది."

చెవి వెనక పెట్టుకున్న సుద్దముక్క తీసి, అంచుకు నాలుగు వేళ్ళ పైన ఒక గీత గీశాడు. ఎడమ మడ్‌గార్డు మీద ఒకటి, కుడి మడ్‌గార్డు మీద ఒకటి.

"గీడిదాంక కోస్తా. కోసిన కాడ బయటికి ఇంకో రేకు అతుకుత. ఇగ ఎంత పెద్ద టైరన్నా ఆడుతది."

"కోయకుండా కమాన్లు లేపి బండి ఎత్తు పెంచితే సరిపోదా?" అని అడిగాను.

"లేపొచ్చు. కని మలుపుల బండి ఊగుతది. ఈ వయసుల అది దానికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు."

"కోశాక వద్దనిపిస్తే? మళ్ళీ పాతలాగా చేయగలవా?"

"కోసినంక కోసినట్టే సార్. రేకు ఏమన్న వెంట్రుకనా, మళ్ల పెరగనీకి?"

ప్రార్థన చేసుకుని చెబుతానన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"టైర్లకు సుత ప్రార్థననా సార్?"

"అన్నిటికీ."

"మంచిది. మీ దేవుణ్ణి జర జల్దీ చెప్పమనుండ్రి. షెడ్డుల జాగ లేదు."

అతని షెడ్డు నార్సింగిలో, కొత్తగా లేస్తున్న రెండు అపార్టుమెంట్ల సందులో మిగిలిన చిన్న స్థలంలో ఉంటుంది. పాత టైర్లు మళ్ళీ బిగించుకుని, ఆ సుద్ద గీతలతోనే కోకాపేటలోని మా అపార్టుమెంటు టవరుకు వచ్చేశాను.

మేస్త్రీకి వింతగా తోచింది గానీ నేను అలా పెరిగినవాణ్ణే. కోస్తాలో ఒక చిన్న పట్నంలో, మిషన్ హాస్టల్లో చదువుకున్నాను. పొద్దున్నే వాక్యం అప్పజెప్పందే పళ్ళెంలో ఉప్మా పడేది కాదు. ముందు దేవుణ్ణి అడగాలి, తర్వాత చేయాలి అన్నది అక్కడే అలవాటయింది. మాదాపూర్‌లో మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు అడిగాను. పెళ్ళికి ముందు అడిగాను. ఈ జీపు కొన్నప్పుడు నేనూ నా భార్యా ఇద్దరం మోకరించి అడిగాం.

అప్పట్లో మా ప్రాంతంలో టవర్లు లేస్తున్నాయి. వాటిని కట్టేవాళ్ళ రేకుల గుడిసెలు బురదలో, రాళ్ళ మధ్య ఉండేవి. మా కారు అక్కడిదాకా పోయేది కాదు. నా భార్య బాచుపల్లిలో ఒక బడిలో టీచరు. ఆదివారం సాయంత్రాలు ఆ గుడిసెల్లో పిల్లలకు కథలు చెప్పాలని ఆమె కోరిక. మాకు పిల్లలు లేరు. అందుకోసమే ఈ పాత జీపు కొన్నాం.

పాత జీపుల మడ్‌గార్డులు ఇప్పటి బండ్లలా వంపు తిరిగి ఉండవు. బల్లలాగా చదునుగా ఉంటాయి. ఆమె ఎడమ మడ్‌గార్డు మీద తన గుడ్డ బోర్డు నిలబెట్టి బానెట్‌కు ఆనించేది. ఆ బోర్డు మీద గొర్రెలు, పడవ, చెట్లు, మనుషులు, ఒక్కొక్క బొమ్మనే అతికిస్తూ కథ చెప్పేది. పిల్లల కళ్ళకు సరిగ్గా అదే ఎత్తు. చెబుతున్నంతసేపూ ఆమె ఎడమ చెయ్యి మడ్‌గార్డు అంచు మీద ఉండేది. అలా ఏళ్ళ తరబడి ఆ చోట ఆకుపచ్చ రంగు అరిగి, కింద బూడిద రంగు బయటపడి, చివరకు రేకే కనిపించింది. సుమారు అరచెయ్యంత మేర. తుప్పు పట్టకుండా నేను వారానికోసారి దాన్ని నూనె గుడ్డతో తుడుస్తాను.

మూడేళ్ళ కిందట ఆమె ప్రభువునందు నిద్రించింది. ఆ గుడిసెలూ లేవు. టవర్లు పూర్తయ్యాక అక్కడి కుటుంబాలు ఇంకెక్కడికో పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాయి. ఆ పిల్లల్లో ఒక్కరు ఎదురుపడినా ఇప్పుడు నేను గుర్తుపట్టలేను.

మేస్త్రీ గీసిన గీత ఆ అరిగిన చోటుకు పైనుంచి పోతుంది. కోస్తే ముందు పోయేది అదే.

మరి కోయించాలని ఎందుకనుకున్నానంటే, శనివారాల వల్ల. మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి. ఆఫీసు ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన. ఆదివారం వందమందికి వందనాలు చెబుతాను. వందనాలు తప్ప ఇంకేమీ చెప్పను. శనివారం అది కూడా ఉండదు. పంతొమ్మిదో అంతస్తులో కూర్చుంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద బండ్లు పోతుంటాయి, చప్పుడు పైకి రాదు. లిఫ్టులో ఎవరైనా "కిందికేనా అండి?" అని అడిగితే, ఆ రోజంతటికీ నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే అయ్యేది.

మా టీములో ఒక అమ్మాయి ఉంది. నార్సింగిలోనే పుట్టి పెరిగింది, వాళ్ళ పొలాల్లోనే ఇప్పుడు విల్లాలున్నాయి. ఆఫీసు పార్కింగులో నా జీపు చూసి, చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఆమె, ఆమె స్నేహితులూ కలిసి ఏడెనిమిది మంది శనివారాలు బండ్లేసుకుని రాళ్ళల్లో, ఎండిన చెరువుల్లో తిరుగుతారట. "మీరు సుత రండ్రి సార్" అంది. వెళ్ళాను.

మొదటి రోజే మూడుసార్లు ఇరుక్కున్నాను. మూడుసార్లూ ఆ అమ్మాయే తాడు కట్టి లాగింది.

"సార్, మీ జీపు సూపర్ ఉంది. కని ఆ టైర్లను చూస్తే మా తాత సైకిలు యాదికొస్తుంది."

"మీ తాత సైకిలు ఎప్పుడైనా ఇరుక్కుందా అమ్మా?"

"ఇరుకలే సార్. మా తాతకు తెలివుండె, బురదలకు పోకపోతుండె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎండెక్కాక డబ్బాలు విప్పితే పెట్టుకోవడానికి చోటు లేక అందరూ నా జీపు దగ్గరికే వచ్చారు. మడ్‌గార్డుల మీద పులిహోర, చపాతీలు, పచ్చడి సీసా పరిచారు. నాకు అటొకరు ఇటొకరు నిలబడి తిన్నారు. ఎవరో అడక్కుండానే నా చపాతీ మీద కూర వేశారు. ఇంటికి వచ్చాక చాలాసేపు దాని గురించే అనుకున్నాను.

అలా నాలుగు శనివారాలు గడిచాయి. తర్వాత వాళ్ళు వికారాబాద్ అడవిలోకి రెండు రోజుల ప్రయాణం పెట్టుకున్నారు.

"ఈ టైర్లతోని రాకుండ్రి సార్," అంది ఆ అమ్మాయి. ఈసారి వేళాకోళం కాదు. "ఆడ మొత్తం బురద. మిమ్మల్ని గుంజుకుంట కూసుంటే అందరం పరేషాన్ అయితం. పెద్ద టైర్లు ఎయ్యిండ్రి, మీ బండి నంబర్ పోయేటోళ్ల లిస్టుల పెడత."

నేను మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది అందుకే. సుద్ద గీతలతో తిరిగొచ్చింది అందుకే.

ఆ శుక్రవారం ప్రార్థనలో మనవులు చెప్పే సమయం వచ్చింది. ఒకాయనకు డయాలసిస్. ఒక అబ్బాయి ఉద్యోగం పోయింది. ఒకావిడ కూతురికి నెలలు నిండాయి. వాళ్ళ మధ్య లేచి మడ్‌గార్డు అనడానికి నాకు నోరు రాలేదు. "నేనొక నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. దయచేసి ప్రార్థించండి" అని కూర్చున్నాను.

తర్వాతి వారం ఆడవాళ్ళ వరుసలోంచి ఒకరిద్దరు నా వైపు చూసి చిరునవ్వు నవ్వారు. ఆ పై వారం మెట్ల దగ్గర ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "దిగులు పడకు నాయనా, ఆయన సమయంలో ఆయన చేస్తాడు" అంది. నా మనవి గుర్తుపెట్టుకున్నారని సంతోషించాను.

మూడో శుక్రవారం గడిచిన మర్నాడు పొద్దున్నే పాస్టరుగారు, పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చారు. టీ పెట్టాను. పాస్టరమ్మగారు హ్యాండ్‌బ్యాగులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టారు.

"నర్సండి. బాచుపల్లిలో ఉంటారు. భర్త ప్రభువు దగ్గరికి వెళ్ళి అయిదేళ్ళయింది. చాలా నెమ్మదస్తురాలండి, పాట కూడా బాగా పాడతారు."

"ఎవరండీ ఈవిడ?"

"అదేనండి అన్నయ్యగారూ, మీరు మనవి పెట్టారు కదా."

నాకు అప్పటికి అర్థమైంది. మా సంఘంలో భార్య పోయినవాడు లేచి నిర్ణయం అన్నాడంటే అది ఒక్కదాని గురించే. ఇంకేమీ అయి ఉండదు.

"అయ్యగారూ, అది పెళ్ళి గురించి కాదండి."

"మరి?"

"జీపు మడ్‌గార్డు గురించి. కోయించాలా వద్దా అని."

పాస్టరుగారు కప్పు కింద పెట్టారు. "మడ్‌గార్డా?"

"అవునండి."

"బ్రదర్, మూడు శుక్రవారాలు నలభైమంది మీ కోసం ఉపవాసం ఉన్నారండి. ఆ పెద్దమ్మగారు షుగరు మనిషి, వద్దన్నా వినకుండా ఉన్నారు. మడ్‌గార్డు కోసమా?"

పాస్టరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఆపుకోలేక బయటికే నవ్వేశారు. పాస్టరుగారూ, నేనూ కూడా. తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఫోటో మళ్ళీ బ్యాగులో పెట్టుకుంటూ, "ఇంత చిన్న విషయం మాకెందుకు చెప్పలేకపోయారండీ?" అని అడిగారు.

చిన్న విషయాలు చెప్పుకునే మనిషి పోయాక వాటిని ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.

కిందికి తీసుకెళ్ళి జీపు చూపించాను. గీత చూపించాను, అంచు చూపించాను. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నారు.

"ఇది రేకు బ్రదర్," అన్నారు మెల్లగా. "ఆమె ఇక్కడ లేదు. అది మీకూ తెలుసు."

తెలుసు. ఆదివారం బడిలో నేనే ఎంతమందికో చెప్పాను. మా ఇంట్లో ఆమె ఫోటోకు దండ లేదు, దీపం లేదు. చేతితో చేసిన దేన్నీ దేవుడికి పైన పెట్టుకోకూడదని నమ్మినవాణ్ణి. మరి వారం వారం నూనె గుడ్డ పట్టుకుని నేను చేస్తున్నదేమిటి? ఆ మధ్యాహ్నం మంచం పక్కన మోకరించి అదే అడిగాను. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా ఉన్నాను. ఏ జవాబూ రాలేదు. చాలాసార్లు వచ్చింది నాకు, వచ్చినప్పుడు తెలుస్తుంది. ఈసారి రాలేదు.

అప్పుడు నా మనసులోకే చూసుకున్నాను. ఇది విగ్రహమైపోయింది కాబట్టి కోయించేస్తున్నాను అని సంఘంలో సాక్ష్యం చెప్పొచ్చు. అందరూ ఆమెన్ అంటారు. కానీ అది నిజం కాదు. కోయిస్తే శనివారాల కోసమే కోయిస్తాను. ఉంచమని దేవుడు చెప్పాడనొచ్చు. అదీ నిజం కాదు. ఆయన ఏమీ చెప్పలేదు. నాకు ఆ అరచెయ్యంత చోటు కావాలి, అంతే. దానికి లేఖనంలో ఆధారం వెతకడం మానేశాను. అందులో తప్పుంటే క్షమించమని అడిగి లేచాను.

మేస్త్రీకి ఫోన్ చేశాను. "కోయడం లేదు."

"దేవుడు వద్దన్నడా సార్?"

"లేదు. నేనే వద్దంటున్నాను."

"మంచిగైంది," అన్నాడు. "అసొంటి రేకు ఇప్పుడు దొరుకది. కోయనీకి నాకు సుత పాణం ఒప్పలే."

సోమవారం ఆఫీసులో ఆ అమ్మాయికి చెప్పాను. "మీ ఇష్టం సార్," అంది. కుర్చీ నా వైపు తిప్పి, "మా బండ్లల్ల సామాన్లకే జాగ సాల్తలేదు, లేకుంటే ఎక్కించుకపోదుం. దగ్గర్ల ఏడికన్న పోయినప్పుడు పిలుస్త తియ్యిండ్రి" అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. పిలుపు మాత్రం ఇంకా రాలేదు.

మనవి పెట్టినవాడు ఫలితం చెప్పాలన్నది మా సంఘంలో పద్ధతి. శుక్రవారం లేచి జరిగిందంతా చెప్పాను. హాలంతా నవ్వింది. షుగరున్న పెద్దావిడ కుర్చీలోంచే, "ఈసారి ఉపవాసం పెట్టించేటప్పుడు దేనికో చెప్పి పెట్టించు నాయనా, ఆకలి కాస్త ఆగుతుంది" అంది. మళ్ళీ నవ్వారు. ప్రార్థన ముగిశాక వందనాలు చెప్పుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ నర్సుగారు ఆడవాళ్ళ వరుసలో ఉన్నారో లేదో నేను చూడలేదు.

శనివారం వాళ్ళు అడవికి వెళ్ళారు. పది గంటలకు ఆ అమ్మాయి ఫోటో పంపింది. తలుపుల దాకా బురదలో దిగబడిన తన బండే. కింద, "ఇయ్యాల మీరుంటే నన్ను మస్తు ఏడిపిస్తుండె" అని రాసింది. ఏదో జవాబు రాయబోయి, ఒక నవ్వు బొమ్మ పంపాను.

జీపు కదలక వారమైంది. బ్యాటరీ పోతుందని కింద పార్కింగుకు వెళ్ళాను. తడిగుడ్డతో రెండు సుద్ద గీతలూ తుడిచాను. నూనె గుడ్డతో ఎడమ అంచు తుడిచాను. ఇంజన్ స్టార్ట్ చేసి సీట్లో కూర్చున్నాను. చేతులు ఊరుకోక స్టీరింగ్ కుడివైపు చివరిదాకా తిప్పాను, మళ్ళీ ఎడమవైపు చివరిదాకా తిప్పాను. టైరు దేనికీ తగల్లేదు.