కల్లం మీద ఇరాన్

మొన్న మధ్యాహ్నం మార్టూరులో, నేను పనిచేసే గ్రానైట్ యూనిట్ వెనక రేకుల షెడ్డులో కూర్చుని క్యారేజీ తింటుంటే ఫోన్‌లో ఒక చిన్న వార్త కనబడింది. ఇరాన్ ఫుట్‌సాల్ జట్టు ఆసియా కప్పు మళ్ళీ గెలిచిందట. ఫుట్‌సాల్ అంటే గట్టి నేల మీద, జట్టుకి ఐదుగురు చొప్పున, చిన్న బంతితో ఆడే ఫుట్‌బాల్. మన దేశంలో దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ వార్త బాబాయికి పంపుదామని పేరు మీద వేలు పెట్టి ఆగాను. తర్వాత క్యారేజీ కడిగి పనిలోకి వెళ్ళాను. సంతోషమూ లేదు, బాధా లేదు. కోతమిషను మోతకి చెవులు ఎలా మొద్దుబారతాయో, ఆ విషయంలో నేనూ అలా అయిపోయాను.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. కొన్నేళ్ళు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడి నుంచి ఆయన తెచ్చిన సామాను మూడు రకాలు: ఒక దుప్పటి, సెంటు సీసాలు, ఇరాన్ ఫుట్‌సాల్ జట్టు మీద అభిమానం. పనివాళ్ళ క్యాంపులో సాయంత్రాలు టీవీలో ఆ ఆటే చూసేవాడట. దుప్పటి పిన్ని దాచేసింది, సెంటు బంధువులు పట్టుకుపోయారు, అభిమానం మా మీద పడింది. "ఆసియా కప్పు పెట్టిన కాణ్ణించీ వరసగా ఏడు వాళ్ళవేరా. ఎనిమిదోది జపానోడు ఎత్తుకుపోయాడు," అని చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే పడిపోయేది. ప్రపంచ కప్పులో బ్రెజిల్‌ని పెనాల్టీల్లో ఇంటికి పంపి ఇరాన్ మూడో స్థానంలో నిలిచిన ఏడాది, చీరాల నుంచి స్వీట్లు తెప్పించి వీధంతా పంచాడు. ఎందుకని అడిగినవాళ్ళకి పిన్నే జవాబు చెప్పేది: "మా ఆయన తరపు చుట్టాలు గెలిచారంట. తినండి."

మాకు మైదానం మిరపకాయల కల్లం. నాన్నా బాబాయీ కలిసి వేయించిన సిమెంటు నేల అది. అసలు ఫుట్‌సాల్ కోర్టులో సగమే ఉంటుందేమో, కానీ చదునుగా, నున్నగా ఉండేది. గోలుకి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లోని కర్రలు పాతేవాళ్ళం. మామూలు బంతి సిమెంటు మీద మరీ ఎగురుతోందని, బాబాయి దాన్ని కోసి, లోపలి బ్లాడరులో సగం గాలి ఉంచి, చుట్టూ మా చేలో పత్తి కూరి కుట్టించాడు. అది పెద్దగా ఎగిరేది కాదు. వానలో తడిస్తే మాత్రం పసిపిల్లంత బరువెక్కేది. మధ్య గీత ఎర్రరంగుతో ఆయనే గీశాడు. మా జట్టు పేరు ఇరాన్. గోల్ దగ్గర బాబాయి, వెనక నేను, ముందు ఆయన కొడుకూ మరో ఇద్దరూ. బంతిని అరికాలితో తొక్కిపట్టాలన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. "ఇరానోడు గట్టిగా కొట్టి గెలవడురా, వదలకుండా పట్టుకుని గెలుస్తాడు," అనేవాడు. మా కల్లం మీద మేము ఎవరికీ ఓడలేదు. అందులో మా ప్రతిభ ఎంతో, నేల పగుళ్ళలో ఇంకిపోయిన కారం ఎంతో నేను విడగొట్టి చెప్పలేను. బయటి జట్లు మొదటి సగమంతా తుమ్ముతూనే ఉండేవి. మా ముక్కులకి అది అలవాటే.

నియమం ఒక్కటే. కల్లం మీద కాయ ఉన్నన్నాళ్ళూ ఆట లేదు. కాయ ఎండి, తొడిమలతో సహా బస్తాల్లోకి ఎక్కాకే బంతి బయటికి వచ్చేది. ఒక సంవత్సరం మార్టూరు నుంచి రాళ్ళు పాలిష్ చేసే కుర్రాళ్ళ జట్టు ఒకటి పందెం వేసింది. ఆపాటికి కాయ కల్లం మీంచి లేచిపోతుందని లెక్కేసి బాబాయి ఒక ఆదివారం మాటిచ్చాడు. వారమంతా మబ్బు పట్టి ఎండ సరిగా కాయలేదు. బాబాయి కాయలు బస్తాలకెక్కాయి గానీ నాన్నవి, ఆలస్యంగా కోసినవి, సగం ఎండి కల్లం నిండా పరిచి ఉన్నాయి. ఆదివారం ఎండ బాగా వచ్చింది. మార్టూరు వాళ్ళూ వచ్చారు, ట్రాలీ ఆటోలో. నాన్న నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళాడు.

"కాయ పక్కకి లాగి పట్టా కప్పండ్రా. గంటలో మళ్ళీ ఆరబోద్దాం," అన్నాడు బాబాయి.

పిన్ని చీపురు పట్టుకుని అడ్డం వచ్చింది. "ఏవండీ, అవి బావగారి కాయలు. సగం పచ్చిగా ఉన్నాయి. పట్టా కింద ఉడికిపోతాయి. ఆయన్ని ఒక మాట అడగండి."

"ఫోను ఎత్తట్లేదే. అంత దూరం నుంచి వచ్చినోళ్ళని ఎట్టా పొమ్మంటాం?"

"మంచినీళ్ళిచ్చి పొమ్మంటాం. నాకు చేతకాదా?"

ఆయన నవ్వి, కాయని తానే లాగడం మొదలుపెట్టాడు. మేమూ లాగాం. ఆట గంటలో అయిపోలేదు. సమానమై, అదనపు సమయం నడిచి, పెనాల్టీల దాకా వెళ్ళింది. చివరిదాన్ని బాబాయి కుడికాలితో ఆపాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఎత్తుకున్నారు. వచ్చినవాళ్ళకి బజ్జీలు, టీలు అయ్యేసరికి పొద్దు వాలింది. పట్టా ఎత్తబోతే చినుకు మొదలైంది. ఆ ముసురు మూడు రోజులు వదల్లేదు. పట్టా తీసినప్పుడు మొదట ఆవిరి వచ్చింది, తర్వాత వాసన. కాయ రంగు పోయి తెల్లబడింది, అంతా తాలు. మిర్చి యార్డులో దాన్ని కాయ అనరు.

నాన్న కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. ఆయన అరిచే మనిషి కాదు.

"నీ ఇరాన్ గెలిచిందిగా," అన్నాడు.

"అన్నయ్యా, ముసురు పట్టింది. ఎట్టాగైనా కప్పాల్సిందేగా."

"ఆదివారం ఎండ ఎవడికిచ్చావురా?"

ఆ పూట ఎండ తగిలి ఉంటే కాయ నిలిచేదో, ముసురుకి ఎలాగూ పోయేదో ఎవరూ తేల్చలేరు. సివిల్ డిప్లొమా చదివిన నేనూ తేల్చలేకపోయాను. బాబాయి తన బస్తాల్లో సగం తీసుకోమన్నాడు. నాన్న వద్దన్నాడు. కల్లం పంచుకుందామన్నాడు. పిన్ని వచ్చి మా అమ్మతో మాట్లాడింది. అమ్మ ఏడ్చింది. దానివల్ల ఏమీ మారలేదు.

"నువ్వు చదివింది ఇదేగా. టేపు తే. చెరిసగం రావాలి," అన్నాడు నాన్న నాతో.

"కొలవక్కర్లేదన్నయ్యా, నా ఎర్రగీత మధ్యలోనే ఉంది," అన్నాడు బాబాయి.

"కొలవనీ."

టేపు ఒక చివర నాన్న, రెండో చివర బాబాయి పట్టుకున్నారు. "లాగు," అన్నాడు నాన్న. "చాలు," అన్నాడు బాబాయి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం నేను వినలేదు. నేను మధ్య పట్టి సుద్దతో గుర్తు పెట్టాను. ఎర్రగీత దానికి రెండు వేళ్ళు పక్కగా ఉంది. ఇన్నేళ్ళూ మేము ఏ వైపు నిలబడినా ఎవరో ఒకరు పొట్టి సగాన్ని కాచుకున్నారన్నమాట. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. బాబాయి వంగి ఆ తేడాని వేళ్ళతో కొలుచుకుని, లేచి, గోలు కర్రలు పీకి బ్యారన్‌లో పెట్టి వచ్చాడు. మర్నాడు నా గుర్తు మీదే ఇటుకల వరస లేచింది, మోకాలి ఎత్తు. దానికిరుపక్కలా ఐదుగురు నిలబడే చోటు లేదు.

ఇప్పుడు అటువైపు వాళ్ళ కాయ, ఇటువైపు మా కాయ. ఎండ రెండింటి మీదా ఒకేలా పడుతుంది. సాయంత్రం రెండు పట్టాలు ఒకే వేళకి కప్పుతారు, ఒకే వేళకి తీస్తారు. పిన్ని ఇటుకల మీదుగా మా అమ్మకి కూర గిన్నె అందిస్తుంది. నాన్న ఆ కూర తింటాడు, ఎక్కడిదని అడగడు. ఊరికి వెళ్ళినప్పుడు నేను ఆ వరసని దాటుకుని పోయి బాబాయి పక్కన కూర్చుంటాను. వానల గురించి, ధరల గురించి చెబుతాడు. బంతి సంగతి ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. ఆ నేలని రెండుగా కొలవడానికి నాకు ఒక పూట పట్టింది. దానికి అందరం అలవాటు పడడానికి ఎంత కాలం పట్టిందో మాత్రం తెలియదు, ఎప్పుడో ఒక రోజు చూసుకునేసరికి అలవాటైపోయి ఉన్నాం.