సైరన్ ఆగిన తర్వాత

మేముండేది బొగ్గుబాయి క్వార్టర్స్‌లో, ఆఖరి వరసలో. పెరటి గోడ దాటితే టేకు చెట్లు, ఆ వెనక అంతా అడవే. మా ఆయనది భూమి లోపలి పని. నా పుట్టిల్లు కారేపల్లి దగ్గర. అక్కడి చర్చిలో పదేళ్లు కీబోర్డు వాయించాను. పెళ్లయ్యాక కీబోర్డు అటకెక్కింది కానీ చెవులు ఊరుకోలేదు. అందుకే ఫోన్‌లో ఒక గ్రూపులో చేరాను. ఏ స్టూడియో గడపా తొక్కకుండా ఇంట్లోనే కూర్చుని సొంతంగా బాణీలు కట్టుకునేవాళ్లు అందులో తమ పాటలు పెడతారు. విన్నవాళ్లు బాగోగులు చెప్పాలి. తిట్టకూడదు. నచ్చింది ముందు, నచ్చనిది తర్వాత, అదీ మెల్లగా. ఈ పనిలో నాకు సాటి లేరని నా నమ్మకం. శ్రుతి తప్పి పాడే పెద్దమ్మల మనసు నొప్పించకుండా పదేళ్లు నెట్టుకొచ్చినదాన్ని మరి.

నాకో పద్ధతి ఉండేది. కొత్త పాటను మొదట కదలకుండా కూర్చుని వినడం. రెండోసారి స్పీకర్‌లో పెట్టి ఇంటి పని చేసుకుంటూ వినడం. అంట్లు తోముతున్న మనిషి చెయ్యి ఆపగలిగితే ఆ పాట నిలబడుతుంది. ఈ సంగతి మా ఆయనకు చెబితే, "అంట్ల పరీక్ష పాసయితెనే పాటనా?" అని నవ్వేవాడు.

ఒక రోజు ఒక కొత్త అతను తన మొదటి పాట పెట్టాడు. పాటంటే మాటలు లేవు, ఉత్త సంగీతమే. రెండు రోజులైనా ఎవరూ ఏమీ రాయలేదు. "ఒక్కరైనా వినండి ప్లీజ్" అని కింద అతనే రాసుకున్నాడు. నాకు జాలేసింది. మొదలుపెట్టి ఒక నిమిషం విన్నాను. వేణువు, దాని కింద సన్నగా శ్రుతి. ఇంతలో పొయ్యి మీద అన్నం పొంగింది. దించి వచ్చి, మిగతాది వినకుండానే రాసేశాను: "చాలా హాయిగా ఉంది తమ్ముడూ. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఉలికిపాటు లేదు." నా జీవితంలో రాసిన అన్ని అబద్ధాల్లోకీ అది చిన్నదే అనుకున్నాను.

తర్వాత క్రిస్మస్ పాటల కోసం కొన్న పెద్ద స్పీకర్ తెచ్చి, వీధివైపు కిటికీలో పెట్టాను. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది అక్కడే. మళ్లీ మళ్లీ మోగేలా పెట్టి, పెరట్లో నల్లా తిప్పి బట్టలు ముందేసుకున్నాను. నీళ్ల చప్పుడులో వేణువు కలిసిపోయింది. కాసేపటికి స్పీకర్ సంగతే మర్చిపోయాను.

అప్పుడు సైరన్ మోగింది.

బాయి దగ్గర బతికేవాళ్లకు సైరన్ కొత్త కాదు. షిఫ్టు మారినప్పుడల్లా మోగుతుంది, ఎవరూ తల ఎత్తరు. కానీ వేళ కాని వేళ మోగిందంటే లోపల ఏదో అయిందని. అప్పుడు మా ఆడవాళ్లం ఎవరినీ ఏమీ అడగం. తలుపులు వేయం. ఎవరి పేరూ ఎత్తం, ఎత్తితే ఆ మనిషికే అయిందేమోనని భయం. చేతిలో ఏముంటే దానితోనే బాయి గేటుకు ఉరుకుతాం. ఫోన్ చేద్దామంటే లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. అది షిఫ్టు మారే వేళ కాదు. మా ఆయన పొద్దున షిఫ్టులో దిగాడు. సబ్బు నురగ చేతులతోనే పెరటి సందులోంచి వీధిలోకి ఉరికాను. పరుగుల చప్పుడు తప్ప ఇంకేదీ నా చెవికెక్కలేదు.

ఎదురింటి అక్క అప్పటికే మలుపు దాటుతోంది. ఆమె భర్త ఏళ్ల కిందట బాయిలో పైకప్పు కూలి పోయాడు. ఆ ఉద్యోగమే కొడుక్కి ఇచ్చారు. ఆ కొడుకూ ఇప్పుడు లోపలే ఉన్నాడు. ఆమె చెప్పులు లేకుండా పరిగెత్తుతోంది. ఆమె వెనక నేను, నా వెనక మిగతా ఇళ్లవాళ్లు. దారి పొడుగునా ఒక్కరూ మాట్లాడలేదు. మా ఆయన పొద్దున గడపలో ఆగి ఏదో అడిగాడు, నేను పరధ్యానంగా ఊ కొట్టాను. ఏమడిగాడో గుర్తు రాలేదు. అది గుర్తు రాకుండానే అతను పోతే ఎట్లా అని ఏడుపొచ్చింది.

గేటు దగ్గరి కాపలా ఆయన మమ్మల్ని చూసి బిత్తరపోయాడు. "ఏమైందమ్మా, అందరు గిట్ల ఉరికొచ్చిండ్రు?"

"సైరన్ మోగింది గద!" అంది అక్క.

"ఎక్కడ? ఇక్కడ ఏం మోగలే. లోపల అందరు మంచిగనే ఉన్నరు."

అక్క ఆయన ముఖంలోకి చూస్తూ చూస్తూ అక్కడే కూలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. ఆటో పిలిచి దవాఖానాకు తీసుకుపోతూ, ఆమె బీపీ గోళీలూ దవాఖానా కార్డూ తెమ్మని నన్ను వెనక్కి పంపారు.

మా వీధి మొదట్లోకి వచ్చేసరికి మళ్లీ సైరన్ వినిపించింది. రెండడుగులు వేసేసరికి అది బాయి వైపు నుంచి రావడం లేదని తెలిసింది. మా కిటికీలోంచి వస్తోంది. సైరన్ ఆగగానే డప్పులు, వయొలిన్లు అన్నీ కలిసి పెద్దగా లేచాయి. లోపలికి పోయి స్పీకర్ వైరు పీకేశాను. నేను హాయిగా ఉందని రాసిన పాటే అది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు అక్క మీద జాలి కలగలేదు, భయమేసింది. ఆమెకు ఏమన్నా అయితే అది నా వల్లే. వీధంతా నన్ను ఏమంటుంది, మా ఆయన ఏమంటాడు. గోళీలు పట్టుకుని పోతున్నంతసేపూ ఇదే.

దవాఖానాలో అక్క కళ్లు తెరిచింది. వరండాలో ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. "నేను సైరన్ ఇన్ననో లేదో నాకే తెల్వదు. అక్క ఉరికిందని ఉరికిన." "ఆయన పోయిన కాణ్నుంచి గామెకు గట్లనే ఇనబడతదేమో, పాపం." ఒకరి మాట ఒకరు అందుకుని, చివరికి సైరన్ అక్క తలలోనే మోగిందని తేల్చేశారు. అక్క ఆ మాటలు విన్నది. నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, నిజం చెప్పు. నువ్వు గూడ ఇన్నవా? నాకొక్కదానికే ఇనబడ్డదా?"

"లేదక్కా," అన్నాను. "నువ్వు ఉరికితే నేను ఉరికిన."

ఆమె నా చెయ్యి వదిలేసింది. షిఫ్టు దిగి మసి ముఖంతో వచ్చిన కొడుకు మంచం పక్కన నిలబడి, "అమ్మా, ఖమ్మం పోదాం. తలకాయ డాక్టర్‌కు చూపిద్దాం," అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే పాట కట్టినతని జవాబు ఉంది. "థాంక్యూ అక్కా. కానీ చివర్లో సైరన్ విన్నారా? అది మా మేనమామ పనిచేసే బాయి దగ్గర రికార్డ్ చేశాను. ఉలిక్కిపడాలనే పెట్టాను." ఫోన్ బోర్లా పెట్టేశాను.

అక్క ఇంటికి వచ్చింది కానీ అరుగు మీద కూర్చోవడం మానేసింది. రెండో రోజు షిఫ్టు సైరన్ మోగింది. ఆమె గుమ్మంలోకి వచ్చి, వీధిలో పోతున్న కూరగాయలామెను పిలిచి, "ఇప్పుడు మోగిందా?" అని అడిగింది. మోగిందని చెప్పినా నమ్మకం కుదరలేదు. ఇంకొకరిని అడిగింది. నేను కిటికీ వెనక నిలబడి చూస్తున్నాను. నిజంగా ఏదైనా అయిన రోజు సైరన్ మోగితే, ఈమె ఇట్లాగే గుమ్మంలో నిలబడి మనుషులను అడుగుతూ ఉంటుంది. కొడుకు లోపల ఉంటాడు. అంతకు ముందు పడిన భయాలన్నీ ఆ భయం ముందు తీసికట్టు అయిపోయాయి. ఫోన్ తీసుకుని వీధి దాటాను.

"అక్కా, ఆ సైరన్ నా ఫోన్లది. ఎవరో కట్టిన పాటల ఉన్నది. నేనే కిటికిల పెట్టిన. దవాఖానల నీకు అబద్ధం చెప్పిన."

ఆమె నా ముఖంలోకీ ఫోన్‌లోకీ మార్చి మార్చి చూసింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అంటే నా చెవులు మంచిగనే ఉన్నయి," అంది చివరికి. తర్వాత గొంతు పెరిగింది. "నా కొడుకు నా దిక్కు ఎట్ల చూసిండో నీకెరుకేనా? పిచ్చిదాన్ని చూసినట్లు చూసిండు. నాకొక్కదానికి చెప్తే కాదు. రేపు నల్లా కాడ అందరి ముందట చెప్పు."

"చెప్తక్కా."

"ఇప్పుడైతే గా పాట పెట్టు. నేనూ ఇంట."

వద్దన్నాను. మళ్లీ పడిపోతుందేమోనని నా భయం. ఆమె వినలేదు. సౌండు తగ్గించి పెట్టాను. వేణువు నడిచినంతసేపూ నేలచూపులు చూసింది. సైరన్ లేవగానే నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. సైరన్ ఆగింది, డప్పులూ వయొలిన్లూ లేచాయి.

"ఆపు," అంది. "గిది తప్పు. సైరన్ ఆగినంక ఏ వాయిద్యం ఉండది. ఉత్త కాళ్ల చప్పుడే. అందరు ఉరుకుతరు, ఎవ్వరు మాట్లాడరు. గా పిలగానికి చెప్పు."

మర్నాడు నల్లా దగ్గర బిందెల మధ్య నిలబడి అందరికీ చెప్పాను. కొందరు తిట్టారు, ఇద్దరు నాతో మాట మానేశారు. అక్క మాత్రం బిందె నిండేదాకా అక్కడే నిలబడి, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత గ్రూపులో నా పాత మాట తీసేసి, అప్పుడు మొత్తం వినకుండా రాశానని ఒప్పుకుని, అక్క చెప్పింది చెప్పినట్టు రాశాను. నచ్చింది ముందు, నచ్చనిది తర్వాత అనే మర్యాద ఈసారి పాటించలేదు.

వారం తర్వాత అతను పాట మార్చి పెట్టాడు. అక్క ఇంటి అరుగు మీద ఇద్దరం విన్నాం. సైరన్ ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు. మట్టి మీద అడుగుల చప్పుడు, చాలా అడుగులు. తెలియకుండానే బాయి వైపు చూశాను. అర నిమిషం గడిచాక వేణువు తిరిగి వచ్చింది.

"ఇప్పుడు బాగున్నదా అక్కా?"

"బాగున్నది. కానీ పాట గంత జల్దీ మళ్ల షురూ కావద్దు. ఇంక జరసేపు ఉండాలె."

"ఎంతసేపు?"

"మా ఆయనను మూడో దినం పొద్దుగాల పైకి తెచ్చిండ్రు," అంది. "గంతసేపు."

అది ఎట్లా రాయాలో నాకు తెలియలేదు. "ఇంకొంచెం సేపు ఉంటే బాగుంటుంది తమ్ముడూ," అని రాశాను.