పోపులడబ్బాలో సముద్రం

అగస్త్యుడు సముద్రాన్ని తాగేశాడని గొప్పగా చెప్పుకుంటారు. తాగాడు సరే, దాచుకోవడం చేతకాలేదుగా! అమెరికా నడిబొడ్డున అరోరా అనే ఊళ్లో ఉండే చాముండేశ్వరమ్మ నలభై కోట్ల ఏళ్ల నాటి సముద్రాన్ని పోపులడబ్బా గిన్నెలో కూర్చోబెట్టి, పైన తులసిదళం వేసి మూత బిగించింది. ఆవిడకి సాటి వచ్చేవాళ్లెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి.

ఇంత చేసిన మనిషి సముద్రాన్ని కళ్లతో చూసిన పాపాన పోలేదు. పుట్టింది ఖమ్మంలో. డాక్టరు మొగుడి వెంట అమెరికాకి మహాసముద్రం మీదుగానే వచ్చింది, కాకపోతే నిద్రపోతూ. "వచ్చే సమ్మర్‌లో బీచ్‌కి" అంటూ అంటూనే ఆయన ఒక సమ్మర్‌లో కన్ను మూశాడు. చివరికి 2008లో కొడుకు శ్రీరామ్ సన్నీవేల్ నుంచి టికెట్లు బుక్ చేశాడు. "మోకాళ్ల ఆపరేషన్ కాకముందే వచ్చెయ్యమ్మా, పసిఫిక్ చూపిస్తా."

సరిగ్గా ఆ వారమే, గులాబీ మొక్కల చుట్టూ పరిచిన కంకరలో ఆవిడ చేతికి ఒక రాయి తగిలింది. దాని మీద చుట్లు చుట్లుగా ఒక చక్రం.

"సాలగ్రామమే మైత్రీ!"

మైత్రి ఆవిడ కూతురి కూతురు. తెలుగు క్లాసుని గుణింతాల దగ్గరే వదిలేసిన ఘటం. ఇది రాస్తున్నదీ ఆ ఘటమే.

"అమ్మమ్మా, అది మమ్మీ షాప్‌లో బస్తాతో కొన్న రాయి."

"దేవుడు బస్తాలో రాకూడదని ఎక్కడుందే?"

"సాలగ్రామం బ్లాక్‌గా ఉంటుంది కదా. ఇది వైట్!"

"ఈ దేశంలో పుట్టింది కదా మరి!"

అక్కడే వచ్చింది చిక్కు. ఇంట్లో సాలగ్రామం ఉంటే అభిషేకం, నైవేద్యం ఒక్కరోజు కూడా తప్పకూడదు. అది దేవుడైతే ప్రయాణం లేదు. రాయైతే సముద్రం ఉంది. చాముండేశ్వరమ్మ పెట్టె సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది.

ఎటూ తేలక, రాయిని గుడికి పట్టుకెళ్లి కృష్ణమూర్తిగారికి చూపించింది. ఆయన కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. కళ్లద్దాలు పైకి తోసి రాయిని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది నత్తండీ, ఇక్కడి రాతిగనిలోదే. నలభై కోట్ల ఏళ్ల కిందట మన అరోరా అంతా సముద్రమే. అందులో బతికి, రాయైపోయింది."

"అయితే సాలగ్రామం కాదన్నమాట!" ఆవిడ ప్రాణం లేచి వచ్చింది.

"అంటే... సాలగ్రామం కూడా ఒక పాత సముద్రంలోని జీవి గుర్తేనండీ."

లేచిన ప్రాణం మళ్లీ కూలబడింది. "మరి ఆ సముద్రం ఎటు పోయిందండీ?"

"వెనక్కి వెళ్లిపోయింది."

"సముద్రమంతటిది, వెళ్లిపోతుందా?"

ఆవిడ ఇంటికొచ్చి, వంటింట్లో చీర కుచ్చిళ్లు తడుస్తాయేమోనన్నట్టు కాస్త ఎత్తిపట్టుకుని నడిచింది.

చివరికి, ఏదైతే అదే అయిందని, ఆ రాయిని పోపులడబ్బా గిన్నెలో పెట్టి, మైత్రితో సహా వెంట తీసుకెళ్లింది. ఎయిర్‌పోర్టులో డబ్బా తెరిపించారు. "వాట్ ఈజ్ దిస్, మేడమ్?"

ఆవిడ బాగా ఆలోచించి నిజమే చెప్పింది. "గాడ్. ఆర్ స్నెయిల్. నాట్ ష్యూర్."

తనిఖీ చేసేవాడు ఆవిడకంటే అయోమయంగా మొహం పెట్టి డబ్బా తిరిగిచ్చాడు.

పసిఫిక్ ఎదురుగా చాముండేశ్వరమ్మ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది. "దీనికి అవతలి గట్టేదే?" అంది. ఒక అల వచ్చి మోకాళ్ల దాకా తడిపింది. వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉప్పు! ఇంత నీటికి ఇంత ఉప్పు ఎవరు కలిపారో ఆవిడకి అంతుపట్టలేదు. డబ్బా తీసి, దోసెడు సముద్రంతో రాయికి ఆనాటి అభిషేకం చేసింది.

మైత్రి ఊరుకుంటుందా? "పాపం అమ్మమ్మా, దాన్ని నీళ్లలో వదిలెయ్యి. ఇంటికెళ్లిపోతుంది."

ఆవిడ రాయిని చూసింది, సముద్రాన్ని చూసింది, మూత బిగించింది.

"దాని ఇల్లు ఇది కాదే, తింగరిదానా. దాని సముద్రం మన వంటింటి కింద ఉంది. ఆ టవల్ ఇటు పడెయ్."