సూదుల పిన్ని హస్తవాసి

"నీ హస్తవాసి మంచిది కాదు. నువ్వు ముట్టుకున్నది బతకదు" అని పదిమంది ముందు అనేసి, నర్సరీ సూపర్‌వైజర్ సూదుల పిన్నిని పనిలోంచి తీసేశాడు. సూదుల్లాంటి ఆకులుండే పైన్ మొక్కల మధ్యే ఏళ్లు గడిపిందని ఆమెకా పేరు. అంతకుముందు ఆమెది చల్లని చెయ్యి అని ఇరుగుపొరుగువాళ్లు పిలిచి మరీ విత్తనాలు వేయించుకునేవాళ్లు.

అసలు జరిగింది వేరు. జింకు, సీసం కరిగించే ఫ్యాక్టరీవాళ్లకు తమ వ్యర్థాల గుట్టను పచ్చగా చూపించాలనిపించింది. అక్కడ నాటడానికి నర్సరీలో పెంచుతున్న పైన్ మొక్కలకు ఇప్పటినుంచే ఆ మట్టి అలవాటు చేద్దామని సూపర్‌వైజర్‌కు బుద్ధి పుట్టింది. సంచుల్లో సగం గుట్టమట్టే నింపించాడు. జానెడు ఎదగాల్సిన మొక్కలు వేలెడు దగ్గరే ఆగిపోయాయి. ఆకులు పాలిపోయి కొసలు ఎర్రబడ్డాయి. ఆకలేమోనని ఎరువు మీద ఎరువు పోయించాడు. నోరు కుట్టేసినవాడి కంచంలో మళ్లీ మళ్లీ వడ్డించినట్టయింది. మొక్కలు చచ్చాయి. తప్పు ఎవరి నెత్తినో రుద్దాలి కదా, పిన్ని దొరికింది.

పని పోతే పోయింది, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి కుదిరింది. ఆమెను తినేసింది ఆ మాట. తోటికోడలు పెరట్లో విత్తనాలు వేస్తూ, "నువ్వు అటుండక్కా, ఎందుకొచ్చిన గొడవ" అని నవ్వింది. పిన్నీ నవ్వేసి, ఇంటికొచ్చి కిటికీలో ఉన్న ఒక్క కుండీనీ పక్కింటికి ఇచ్చేసింది. ఒళ్లు మండేది ఇక్కడే. వాడెవడో తన తప్పు కప్పుకోవడానికి నోటికొచ్చింది వాగితే, ఆమె తన చేతులనే అనుమానించింది.

తర్వాత ఫ్యాక్టరీ ల్యాబ్‌వాళ్లు చచ్చిన మొక్కల వేళ్లు కోసి చూశారు. పీచువేళ్లు లేవు, కొసలు మొద్దుబారి నల్లబడ్డాయి. జింకూ సీసమూ పట్టేసి, మొక్కకు అందాల్సిన ఇనుము, మెగ్నీషియం అందకుండా చేశాయని తేల్చారు. ఈ సంగతి పిన్నికి చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. క్యాంటీన్‌లో ఎవరో తింటూ మాట్లాడుకుంటుంటే ఆమె చెవిన పడింది.

నర్సరీకి కొత్త మట్టి వచ్చింది, పనికి చేతులు కావాల్సి వచ్చాయి. సూపర్‌వైజర్ క్యాంటీన్ వెనక తలుపు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, రేపటినుంచి వచ్చెయ్యమన్నాడు. జీతం పెంచుతానన్నాడు. మరి ఆ రోజు అన్న మాట సంగతేమిటని ఆమె అడిగింది. అయిందేదో అయిపోయింది, ఇప్పుడెందుకు తవ్వుకోవడమన్నాడు.

పిన్ని సబ్బు చేతులు గుడ్డకు తుడుచుకుంది.

"అందరినీ పిలవండి సార్. చంపింది ఈమె చెయ్యి కాదు, నేను నింపించిన మట్టేనని వాళ్ల ముందు చెప్పండి. పనికి వస్తానో రానో ఆ తర్వాత నా ఇష్టం."