డెబ్బై దగ్గర ఆగిన సూది

1996 ఫిబ్రవరి. నారాయణగూడ చౌరస్తా దాటినంక ఒక గల్లీల నా రిపేరు దుకాణం. కాలేజీ ల్యాబుల త్రాసులు, బారోమీటర్లు నా దగ్గరికే వచ్చేవి. ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డయి కాబట్టి బల్ల మీద చెయ్యి పెట్ట సందు లేకుండె. అటువంటి రోజు అశోక్‌నగర్ నర్సింగరావు సార్ అరచేతిల పట్టేంత గుండ్రటి డయల్ ఒకటి పట్టుకొచ్చిండు. వాటర్ వర్క్స్‌ల ఇంజనీరుగ చేసి రిటైరైన మనిషి.

అది హైగ్రోమీటర్, అంటే గాలిల తేమ ఎంత శాతమో చూపే మీటరు. లోపల మనిషి వెంట్రుక ఉంటది. తేమ తగిలితే వెంట్రుక సాగుతది, ఎండితే కురచైతది, దాన్నిబట్టి సూది తిరుగుతది. నవ్వకండి, పాతకాలం మంచి మీటర్లు చాలావరకు గిట్లనే నడిచేవి. సార్ మీటర్ల ఆ వెంట్రుక తెగింది.

"దేనికి వాడుతరు సార్ దీన్ని?"

"సిగార్ల డబ్బకు. మా లతీఫ్ భాయ్ ఇచ్చిండు, నేను రిటైరైన దినం."

ఇద్దరూ ఒకే ఆఫీసుల ముప్పై ఏండ్లు పనిచేసిండ్రట. టేకు డబ్బ, అందుల ఇరవై అయిదు సిగార్లు, అన్నీ బయటి దేశం సరుకు. ఏటా మొదటి వాన పడ్డనాడు లతీఫ్ సాబ్ బర్కత్‌పుర నుంచి వస్తడు, ఇద్దరూ మిద్దె మీద కూసోని చెరొకటి కాలుస్తరు. మిగతా ఏడాదంతా డబ్బ ముట్టేది లేదు. సిగార్‌కు డెబ్బై శాతం తేమ ఉండాలె. తగ్గితే ఎండి పగులుతది, పెరిగితే బూజు పడుతది. అందుకే డబ్బల తడి స్పాంజి ఒకటి, మూతకు ఈ మీటరు.

నా భార్య లక్ష్మి జడ నుంచి ఒక పొడుగాటి వెంట్రుక తెచ్చి బిగించిన. పద్ధతి ప్రకారం దాన్ని ముందు స్పిరిట్‌ల కడగాలె, నూనె పోవాలె. తరువాత ఉప్పు పరీక్ష: తడి ఉప్పుతోని మీటరును డబ్బల మూసి ఒక రాత్రంతా పెడితే సూది డెబ్బై అయిదు మీదికి రావాలె. నేనేం చేసిన? ఆదివారమే కదా కుంకుడుకాయతో తలంటుకుంది అనుకొని స్పిరిట్ ఊసే ఎత్తలే. ఉప్పుల గంట కూడా పెట్టలే. స్క్రూ తిప్పి సూదిని చేత్తోనే జరిపి ఇచ్చేసిన.

మే నెల మధ్యల సార్ మళ్ల వచ్చిండు. జేబుల నుంచి ఒక సిగార్ తీసి నా బల్ల మీద నలిపిండు. పొడి పొడి అయి రాలింది.

"సత్యం, మూడు నెలల సంది నీ మీటర్ డెబ్బై చూపెడుతుంది. అంతా బాగుంది కదా అని నేను స్పాంజికి చుక్క నీళ్లు పొయ్యలే. లతీఫ్ భాయ్ వచ్చే నెలాఖరుకు గుల్బర్గా పోతుండు, బిడ్డ దగ్గర ఉండనీకి. ఇగ ఈ ఊరికి రాడు. ఆయన ఇచ్చింది ఆయన ముందట ఏ మొహంతోని తీసి పెట్టాలె?"

సార్ వెంట తెచ్చిన మీటరు తీసుకొని దాని మీద నోటి ఆవిరి ఊదిన. సూది డెబ్బై దగ్గర కూసోని కదలనంటే కదలదు. బయట మే నెల ఎండ, పెదవులు పగులుతున్నయ్, ఇది డెబ్బై అంటుంది! ఎండల మీద నెట్టేయొచ్చు అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఆయన మొహం చూసి నోరు రాలే.

"తప్పు నాదే సార్. నూనె వెంట్రుక బిగించిన. అది తేమను పట్టదు."

ఆయన మీటరు బల్ల మీదనే వదిలి లేచి పోయిండు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

లక్ష్మిని ఇంకో వెంట్రుక అడిగితే చేతులు తిప్పింది. "తప్పు మీరు చేస్తిరి, పేరు నా నూనెకు పెడితిరి!" ఈసారి స్పిరిట్‌ల కడిగిన, రాత్రంతా ఉప్పుల పెట్టిన. తెల్లారి సూది డెబ్బై అయిదు మీద ఉంది. ఊదితే లేచింది, తుడిస్తే దిగింది. దాన్ని పట్టుకొని స్కూటర్ మీద అశోక్‌నగర్ ఉరికిన.

పోయి చూద్దును కదా, ముందు రూముల కూలర్ గిర్రున తిరుగుతుంది, దాని ముందట స్టూలు మీద సిగార్ల డబ్బ నోరు తెరుచుకొని ఉంది. సార్ భార్య సుశీలమ్మ గారు విసనకర్రతోని విసురుకుంటున్నరు. "చూడు నాయనా, కూలర్ గాలి నాకు లేదు, ఆ చుట్టలకట."

"బంద్ చెయ్యండి సార్!" అని అరిచిన. ఎండిన పొగాకు ఒక్కసారి తడి పీలిస్తే లోపల ఉబ్బి పైఆకును చీలుస్తది. అప్పటికే రెండు చీలినయి. మిగిలినవి పన్నెండు.

బ్యాటరీ దుకాణంల డిస్టిల్డ్ వాటర్ కొన్న. నల్లా నీళ్లల్ల ఉప్పులుంటయంటే వాటర్ వర్క్స్ మనిషికి రోషమొచ్చింది. "మా నీళ్లకు వంక పెడుతున్నవా?" అన్నడు. అంత జరిగినంక ఆయన నాతోని మాట్లాడిన మొదటి మాట అదే. నాకైతే ప్రాణం లేచొచ్చింది. స్పాంజికి కొంచెం కొంచెమే నీళ్లు. వారానికి అయిదారు శాతం కంటె ఎక్కువ పెరగొద్దు. రోజూ దుకాణం మూసి పోయి చూసొస్తుంటి.

సూది యాభై ఎనిమిది మీద ఉన్న సాయంత్రం మొదటి వాన దంచికొట్టింది. నేను సార్ ఇంట్ల ఉండంగనే ఫోన్ మోగింది. "వస్తున్న యార్!" అని లతీఫ్ సాబ్ గొంతు నాక్కూడ వినబడింది. సార్ నీళ్లు నమిలి "ఈ రోజు వద్దు భాయ్, కడుపుల బాగలేదు" అన్నడు. అటుదిక్కు లతీఫ్ సాబ్ ఠక్కున ఫోన్ పెట్టేసిండు. ఆ తరువాత రెండు వారాలు లతీఫ్ సాబ్ ఫోన్ చెయ్యలే, సార్ చేస్తే ఎత్తలే. పోనీ నిజం చెప్పండి సార్ అంటే, "ఇచ్చిన వస్తువును కాపాడలేకపోయిన అని ఎట్ల చెప్పాలె?" అన్నడు.

లతీఫ్ సాబ్ పోవుడు ఇంక రెండు దినాలుందనంగ సూది అరవై ఎనిమిదికి వచ్చింది. ఇగ చాలు. సార్‌ను స్కూటర్ మీద ఎక్కించుకొని బర్కత్‌పుర తీస్కపోయిన. ఆకాశంల మబ్బు తునక లేదు. సామాను కట్టుకుంటున్న లతీఫ్ సాబ్ మమ్మల్ని చూసి లేవలే.

"కడుపు బాగైందా?" అన్నడు, అంతే.

సార్ డబ్బ తెరిచి ముందట పెట్టిండు. నేనే చెప్పిన. వెంట్రుక, నూనె, ఎండుడు, కూలర్, నెల రోజుల తడి, అంతా చెప్పిన. "వాన నాడు మిమ్మల్ని రావద్దన్నది అందుకే సాబ్. తప్పు నాది."

లతీఫ్ సాబ్ డబ్బ దిక్కు, దోస్తు దిక్కు చూసిండు. "చుట్టల కోసం వస్తుంటినా నేను? పాగల్ ఆద్మీ!" అని ఆయన భుజం మీద ఒక్కటి చరిచిండు. ఇద్దరి కండ్లల్ల నీళ్లు. సిగార్ బ్రహ్మాండంగ అంటుకుంది, బూడిద వేలెడు పొడుగు నిలబడ్డది. నాకూ ఒక దమ్ము ఇచ్చిండ్రు, దగ్గి దగ్గి సచ్చిన.

ఆ మర్నాడు పొద్దున నాకు ఇంకోటి యాదికొచ్చింది. ఆ ఫిబ్రవరి తొందరల ఒక కాలేజీ జాగ్రఫీ ల్యాబుకు నాలుగు హైగ్రోమీటర్లు అట్లనే చేసిచ్చిన. ఎవ్వరూ ఫిర్యాదు చెయ్యలే. నేనే పోయి అడిగి చూసిన. రెండిటికి సూది కదల్లే. పిల్లలు డెబ్బై అని రాసిండ్రట, అందరికి మార్కులు పడ్డయట. నాలుగూ సంచిల వేసుకొని వాపస్ తెచ్చిన. ఏమైందని ల్యాబ్ అసిస్టెంట్ అడిగితే, "ఏం కాలేదు, నేనే సరిగ చెయ్యలే" అన్న. ఈసారి ఆ మాట అంత కష్టం కాలే.